నగల పెట్టెలో నికెల్

(తీజ్ పండుగకు ముందు జరిగిన యువజన సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



పొద్దున్నుంచి చదువుల మీద, పోటీ పరీక్షల మీద, ఉద్యోగాల మీద పెద్ద పెద్ద మాటలు విన్నారు. మేము దురద గురించి మాట్లాడటానికి వచ్చాం. నవ్వండి, పరవాలేదు. మేము నలుగురం మన సంఘం నాట్యబృందానికి నగల పెట్టె చూసుకునేవాళ్లం. ప్రదర్శన రోజు ఏ హాంస్లీ ఎవరి మెడలో ఉంది, ఎన్ని గజ్జెలు తిరిగొచ్చాయి, ఏ టోప్లీ కొక్కెం ఊడింది, ఇదే మా పని. పెట్టె తాళం మా చేతికొచ్చి ఆరేళ్లయింది. పెట్టె బరువు తెలిసింది గానీ, అందులో ఏమున్నదో మొన్నమొన్నటి దాకా మాకూ తెలియదు.

ముందు వరుసలో ఆడే చెల్లెలు ఒకామె ఉండేది. డిగ్రీ చదువుతోంది. రెండేళ్ల కింద తీజ్ తొమ్మిది రోజులూ తండాలోనే ఉంది. బుట్టల్లో గోధుమ మొలకలకు నీళ్లు పోసింది, రాత్రిళ్లు పాడింది, ఆడింది. హాంస్లీ మెడలోంచి తియ్యలేదు. మూడో రోజు మెడ దురద అంది. అయిదో రోజుకు హాంస్లీ ఎంత గుండ్రంగా ఉందో అంతే గుండ్రంగా మెడ చుట్టూ ఎర్రగా పొక్కింది. ఏడో రోజు నీరు కారింది. నిమజ్జనం నాడు బుట్ట నెత్తిన పెట్టుకుని, మెడకు చున్నీ చుట్టుకుని నడిచింది.

అప్పుడు మన జనం అన్న మాటలు మీరూ ఊహించగలరు. వంకాయ కూర తిన్నావా అని ఒకరు. సీత్లా యాడికి ఏదో లోటు జరిగిందని ఒకరు. హాస్టల్ బువ్వకు ఒళ్లు సుకుమారమైందని ఇంకొకరు. అన్నిటికంటే గుచ్చుకున్న మాట సొంత మేనత్త అన్నది: ‘చదువుకున్న పిల్లకు మన నగలంటే నామోషీ, అందుకే సాకు’. నిరుడు ఆ చెల్లెలు తీజ్‌కు రాలేదు. పరీక్షలున్నాయని కబురు పెట్టింది. పరీక్షలు లేవని మాకు తెలుసు.

ఈ మాటలన్నవాళ్లలో మేమూ ఉన్నాం. సీత్లా పేరు ఎత్తలేదు గానీ, ‘అందరూ వేసుకున్నవే కదా, నీకొక్కదానికేంటి’ అని మేమే అన్నాం. ఈ వేదిక మీద అది కూడా ఒప్పుకోవాలి.

తర్వాత ఏమైందంటే, ఆ పిల్ల మందుల షాపులో చూపించుకుంది. షాపాయన తామర అన్నాడు, మూడు మందులు కలిపిన ట్యూబు ఒకటిచ్చాడు. రాసిన రెండు రోజులకు హాయిగా ఉంది. మానేస్తే మళ్లీ వచ్చింది. మళ్లీ రాసింది. ఇట్లా నాలుగు నెలలు. ఆ ట్యూబులో స్టెరాయిడ్ ఉంటుంది. డాక్టరు చూసి ఇన్ని రోజులని రాసిచ్చినప్పుడు అది మంచి మందే. మనంతట మనం నెలలకొద్దీ రాస్తే చర్మం పలచబడుతుంది. ముఖానికి రాస్తే ఎర్రబారి, మొటిమలు లేచి, నూగు వెంట్రుకలు కూడా వస్తాయి. నిజంగా తామరే ఉంటే ఇంకా పాకుతుంది. తెల్లబడతామని ఇలాంటి ట్యూబులు ముఖానికి రాసుకునేవాళ్లు ఈ హాల్లోనూ ఉంటారు. ఎవరో అడగం. మానెయ్యండి, ఒకసారి చర్మం డాక్టరుకు చూపించుకోండి.

చివరికి ఆమెను పట్నంలో ప్రభుత్వాసుపత్రి చర్మవ్యాధుల విభాగానికి మేమే తీసుకెళ్లాం. అక్కడ ప్యాచ్ టెస్ట్ చేశారు. సూదులేమీ ఉండవు. చిన్న చిన్న గిన్నెల్లాంటి వాటిల్లో రకరకాల పదార్థాలు కొద్దికొద్దిగా పెట్టి వీపు మీద ప్లాస్టరుతో అతికిస్తారు. రెండు రోజులు వీపు తడపకూడదు. 48 గంటలకు తీసి చూస్తారు, ఇంకో రోజో రెండు రోజులో ఆగి మళ్లీ చూస్తారు. అంటే మూడుసార్లు తిరగాలి, బస్సు చార్జీలు లెక్కేసుకోండి. ఆమె వీపు మీద అన్నీ మామూలుగా ఉండి ఒక్క చోట ఎర్రగా, చిన్న చిన్న పొక్కులతో ఉబ్బింది. ఆ చోట పెట్టింది నికెల్.

నికెల్ ఒక లోహం. ప్రపంచంలో ఎక్కడ ప్యాచ్ టెస్టులు చేసినా ఎక్కువగా పట్టుబడే లోహం ఇదే. ఇది పడకపోవడం పుట్టుకతో రాదు. చెమట తగిలితే నగలోంచి నికెల్ కొంచెం కొంచెంగా కరిగి చర్మంలోకి దిగుతుంది. కొందరి ఒంట్లో రక్షణ కణాలు దాన్ని శత్రువుగా గుర్తుపెట్టుకుంటాయి. ఒకసారి గుర్తుపెట్టుకున్నాయంటే సాధారణంగా జీవితాంతం మరిచిపోవు. అందుకే ‘పదేళ్లు వేసుకున్నా, ఏమీ కాలేదు, ఇప్పుడెందుకు వస్తుంది’ అనే మాటకు అర్థం లేదు. పదేళ్లు కాకపోవచ్చు, పదకొండో ఏడు రావచ్చు.

ఇంకొక సంగతి. తేలు కుట్టినట్టు వెంటనే తెలిసేది కాదిది. ఈ రాత్రి నగ వేసుకుంటే రేపో ఎల్లుండో పొక్కుతుంది. మన అమ్మమ్మలు వంకాయను, వేటమాంసాన్ని తిట్టింది ఇందుకే. పండుగ నాడు తిన్నది గుర్తుంటుంది, వేసుకున్న హాంస్లీ గుర్తుండదు. అది ఒంటి మీద రోజూ ఉన్నదే కదా!

డాక్టరమ్మ మంచిదే. మందు రాసింది, ఓపిగ్గా చెప్పింది. చివర్లో మాత్రం ‘ఈ నగలన్నీ మానెయ్యండమ్మా, ఈ రోజుల్లో ఇవి ఎవరు వేసుకుంటున్నారు’ అంది. మేము నలుగురం ఒకరి ముఖాలు ఒకరం చూసుకున్నాం. తండాలో నగలు మానేస్తే నామోషీ అన్నారు. ఇక్కడ వేసుకుంటే మోటు అంటున్నారు. మధ్యలో ఆ పిల్ల మెడ.

తిరిగొచ్చాక ఆమె దాది ఒక మాట అంది. దాదికి ఎనభై దాటి ఉంటాయి, లెక్క ఎవరికీ తెలియదు. మనవరాలి మెడ చూసి, ‘నా హాంస్లీ నన్నెన్నడూ కొరకలేదే’ అంది. పెళ్లినాటి నుంచి ఆమె మెడలో ఉంది. కలుపు తీసేటప్పుడు, కట్టెలు మోసేటప్పుడు, పురుళ్లప్పుడు కూడా తియ్యలేదు. ఆ హాంస్లీని చేతిలోకి తీసుకుని చూశాం. వెండి. పాత వెండి, నల్లబడ్డది. మా పెట్టెలో ఉన్నవి తళతళా మెరుస్తుంటాయి. అవి జర్మన్ సిల్వర్.

ఇక్కడ కొంచెం ఆగుదాం. జర్మన్ సిల్వర్‌లో సిల్వర్ లేదు. రవ్వంత కూడా లేదు. రాగి, నికెల్, జింకు కలిపి చేసిన లోహం అది. మామూలుగా నూటికి 60 పాళ్లు రాగి, 20 పాళ్లు నికెల్, 20 పాళ్లు జింకు. చైనాలో వెండిలా మెరిసే ఒక మిశ్రమ లోహం ఉండేది, దాన్ని చూసి 19వ శతాబ్దంలో జర్మనీ వాళ్లు తయారు చేసుకున్నారు. పేరులో వెండి ఉంది, ఒంట్లో నికెల్ ఉంది. జాతర అంగట్లో ‘జర్మన్ వెండి’ అని ఇస్తే మనం వెండిలో ఒక రకం అనుకుని కొన్నాం. మేమే కొన్నాం, సంఘం డబ్బుతో.

నాణేల సంగతి ఇంకా ఉంది. మన ఆడవాళ్ల మెడలో, కాంచళి మీద, నడుము పట్టీకి నాణేలు ఉంటాయి. ఒకసారి వాటిని బోర్లించి, వెలికిలించి చదవండి. విక్టోరియా రాణి బొమ్మ ఉన్న రూపాయి, అయిదో జార్జి రూపాయి నూటికి 91 పాళ్లకు పైగా వెండి. నిజాం కాలపు హాలీ సిక్కా రూపాయి, చార్మినార్ బొమ్మది, అదీ వెండిదే. 1940 నుంచి బ్రిటిష్ రూపాయిలో వెండి సగానికి పడిపోయింది. 1946, 1947 రూపాయిల్లో వెండి లేదు, మొత్తం నికెలే. స్వతంత్రం వచ్చాక 1950లో వచ్చిన రూపాయి కూడా నికెలే. 1975 తర్వాత రూపాయిలు రాగి, నికెల్ కలిసినవి, నూటికి 25 పాళ్లు నికెల్. 1992 నుంచి స్టీలు రూపాయిలు. ఒక్క దండలో ముత్తవ్వ రూపాయి, అవ్వ రూపాయి, అమ్మ రూపాయి పక్కపక్కన ఉంటాయి. చూడ్డానికి అన్నీ తెల్లనివే. ఒకటి పడుతుంది, పక్కది పడదు.

అయస్కాంతం పెట్టి చూస్తాం అని మన తమ్ముళ్లు అంటారు. దాన్ని నమ్మొద్దు. అచ్చమైన నికెల్ నాణెం అయస్కాంతానికి అంటుకుంటుంది నిజమే. కానీ జర్మన్ సిల్వర్ అంటుకోదు, రాగి కలిసిన నికెల్ నాణెమూ అంటుకోదు. అంటుకోలేదు గనక మంచిదే అనుకుంటే మోసపోతారు.

పనికొచ్చే పరీక్ష వేరే ఉంది. డైమిథైల్ గ్లయాక్సిమ్ అనే మందుతో చేసేది. కెమిస్ట్రీ చదివేవాళ్లకు తెలిసే ఉంటుంది, ల్యాబులో నికెల్‌ను పట్టుకోవడానికి వాడేదే. దూది పుల్ల మీద ఆ చుక్కలు వేసి నగ మీద అర నిమిషం రుద్దాలి. దూది గులాబీ రంగుకు తిరిగితే నికెల్ బయటికి వస్తోందని అర్థం. మేము ఒక రోజంతా కూర్చుని పెట్టె మొత్తం రుద్దాం. మధ్యాహ్నానికి నేలంతా గులాబీ దూది. పదకొండు హాంస్లీల్లో ఎనిమిది. టోప్లీల్లో దాదాపు అన్నీ. గజ్జెలు మాత్రం ఇత్తడివి, దూది తెల్లగానే ఉంది. పూత ఉన్న నగలతో ఒక చిక్కుంది: పైపూత ఉన్నంతకాలం దూది తెల్లగా ఉండొచ్చు, చెమటకు పూత అరిగాక లోపలిది బయటపడుతుంది. మన చిలకలపూడి నగల్లాంటి బంగారు పూతవి గానీ, వన్ గ్రామ్ గోల్డ్ గానీ, కొత్తలో ఊరుకుని తర్వాత దురద పెట్టడం ఇందుకే.

ఇప్పుడు దాది దగ్గరికి మళ్లీ వద్దాం. వెండి మన దగ్గర ఎందుకు లేదు? ఉండేది. బాకీ తీర్చడానికి, ఎండిన బోరు పక్కన ఇంకో బోరు వేయడానికి, ఎడ్లు కొనడానికి, పెళ్లిళ్లకు, ఆసుపత్రులకు, మన చదువుల ఫీజులకు పోయింది. ఒక్కో ఇంట్లో ఒక్కో ఏడు ఒక్కో నగ. కుదువ పెట్టినవి విడిపించలేక పోయినవే ఎక్కువ. ఆ దాది వెండి కడియాలు కూడా అట్లాగే పోయాయి. ఆమె కొడుకు పదో తరగతి తర్వాత పట్నంలో చదివింది వాటితోనే. ఆ కొడుకు కూతురే మన చెల్లెలు. పండుగకు మెడ బోసిగా ఉండకూడదని వెండి ఉన్న చోట జర్మన్ సిల్వర్ తెచ్చి పెట్టుకున్నాం. ఆచారం అదే, ఆకారం అదే, లోహం మారింది. ఆ పిల్ల ఒళ్లు సుకుమారమై కాదు పొక్కింది. దాది మెడలో ఉన్నదీ మనవరాలి మెడలో ఉన్నదీ ఒకటే నగ కాదు.

ఈ మాట మేనత్తకు మేము వెళ్లి చెప్పాం. విన్నది. ఏమీ అనలేదు.

ఇంకొకరి సంగతి చెప్పాలి. దేవరకొండ వైపు తండాలో ఒక వదిన. పెళ్లయి పదకొండేళ్లు. ఘుగ్రీ టోప్లీ తియ్యదు. చెంపల దగ్గర చర్మం నల్లబడి, మందమై, పండుగలప్పుడు చీలుతుంది. ఆముదం రాసుకుంటుంది, పసుపు రాసుకుంటుంది. ఎందుకు తియ్యవు వదినా అంటే ఆమె మా వైపు చూసిన చూపు మరిచిపోలేం. ‘మొగుడు బతికుండంగ టోప్లీ తీస్తే ఏమంటరు?’ అంది. పెళ్లయిన ఆడదాని గుర్తు అది, భర్త పోతే తీసేది. దానిలో ఉన్న బరువు నాట్యబృందం పిల్లలకు తెలియదు. పెళ్లికాని పిల్లలకు స్టేజీ మీద టోప్లీ పెడుతున్నామని పెద్దలకు మా మీద కోపం కూడా ఉంది, అది వేరే పంచాయితీ. ఆ వదినకు ‘మానెయ్యి’ అనే సలహా ఎందుకూ పనికిరాదు. ఆమెకు కావలసింది వేరే లోహం, లేకపోతే మధ్యలో ఒక గుడ్డ.

ఆ గుడ్డ సంగతి చెబుతాం, అది మన చేతిలోనిదే కనక. సూది దారం మనకు ఒకరు నేర్పాలా? నాణేల దండ విప్పి నాణేలను వెడల్పాటి నూలు పట్టీ మీద కుట్టేశాం. వెనక రెండు పొరల మెత్తని నూలు గుడ్డ. నాణెం ముందుకు మెరుస్తుంది, మెడకు తగిలేది గుడ్డే. హాంస్లీకి మెడ తాకే వైపంతా నూలు దారం దగ్గరదగ్గరగా చుట్టాం, పైన ఎర్ర దారం. చూసినవాళ్లు కొత్త ఫ్యాషన్ అనుకున్నారు. టోప్లీకి చెంప వైపు చిన్న గుడ్డ గిన్నెలాగా కుట్టాం. కాంచళికి లోపల అస్తరు వేశాం. గుడ్డ చెమటకు తడిస్తే మళ్లీ నికెల్ దిగుతుంది. అందుకే విప్పి ఉతకడానికి వీలుగా కుట్టాలి, ఆట మధ్యలో తుడుచుకోవాలి, ఆట అవ్వగానే తీసెయ్యాలి. తొమ్మిది రోజులు ఒంటి మీద ఉంచడం పాత వెండికి చెల్లింది.

రంగులేని నెయిల్ పాలిష్ వేస్తే చాలంటారు. కొక్కేలకు, కమ్మల పుల్లలకు కొన్నాళ్లు పనిచేస్తుంది. ఊడిపోతుంది, మళ్లీ వెయ్యాలి. ఒకదానికొకటి రాసుకునే ఘుగ్రీలకు ఒక్క ఆటకు కూడా ఆగలేదు, మేము చూశాం.

ఇక మార్చగలిగినవి మార్చాం. గవ్వలు, పూసలు, అద్దాలు, ఉన్ని కుచ్చులు మన సొంతవే కదా, వాటికి లోహంతో పని లేదు. కొన్ని దండలు పూర్తిగా గవ్వలతో అల్లాం. డబ్బు ఉన్న చోట 92.5 వెండి మంచిది, మిగతా 7.5 పాళ్లు సాధారణంగా రాగే. 22 క్యారెట్ల బంగారం చాలామందికి పడుతుంది. తెల్ల బంగారం అంటే మాత్రం అడిగి కొనండి, కొన్నిటిలో నికెల్ కలుపుతారు. వెండి ఇప్పుడు కొనగలిగే ధరలో లేదు, మాకూ తెలుసు. అందుకే మొత్తం నగ కొనమని చెప్పడం లేదు. ఒంటికి తగిలే కొక్కెం, పుల్ల, వెనక తీగ, ఇవి మాత్రం వెండివి వేయించుకోండి. కంసాలికి చెబితే మారుస్తాడు. ఆ వదినకు అట్లాగే కొక్కేలు మార్పించి, చెంపలకు గుడ్డ కుట్టిచ్చాం. అత్తగారు మొదట ఒప్పుకోలేదు. టోప్లీ తియ్యలేదు కదా, కింద గుడ్డ పెట్టాం అంతే అన్నాక ఊరుకుంది. ఒక చెంప మానింది. రెండోది ఇంకా పూర్తిగా మానలేదు.

చెవులు కుట్టించే సంగతి దయచేసి ఇళ్లలో చెప్పండి. పచ్చి గాయంలో నికెల్ ఉన్న పుల్ల పెడితే ఒంటికి దాన్ని శత్రువుగా పరిచయం చేసినట్టే. చాలామందికి ఈ బాధ మొదలయ్యేది అక్కడే. యూరోపియన్ యూనియన్ 1994లో దీనికి చట్టం చేసింది, ఒంటికి ఆనే నగ వారానికి చదరపు సెంటీమీటరుకు 0.5 మైక్రోగ్రాముకు మించి నికెల్ వదలకూడదని. డెన్మార్క్ లాంటి చోట్ల ఆ తర్వాత పెరిగిన అమ్మాయిల్లో ఈ ఎలర్జీ తగ్గింది. మన పసిపిల్లకు మొదటి పుల్ల బంగారమో వెండో పెట్టండి. ఎంత చిన్నదైనా సరే. గాయం మానాక మిగతావి ఆలోచించుకోవచ్చు.

తమ్ముళ్లు ఇదంతా ఆడపిల్లల గొడవ అనుకుని ఫోన్లు చూస్తున్నారు. మీ బొడ్డు కింద జీన్సు గుండీ తగిలే చోట దురద పెడుతోందా? బెల్టు బకిల్ కింద, వాచీ కింద, చేతి కడియం కింద? అదే నికెల్. లోపల బనీను దోపుకుని గుండీ కింద గుడ్డ కుట్టించుకోండి, సిగ్గేమీ లేదు.

ఒళ్లు పచ్చగా మారితే మాత్రం భయపడకండి. అది రాగి, చెమట కలిసి వదిలే రంగు, కడిగితే పోతుంది. స్టిక్కర్ బొట్టు కింద తెల్ల మచ్చ వస్తే అది లోహం వల్ల కాదు, చాలాసార్లు జిగురులో ఉండే మందు వల్ల. ఆ బొట్టు వెంటనే మాని డాక్టరుకు చూపించాలి.

ఇప్పుడు పెట్టె రెండయింది. గులాబీ రంగు తిరిగినవి ఒకటి, తిరగనివి ఒకటి. పెట్టె మూతకు ఒక నోటుబుక్కు కట్టాం. ఎవరికి ఏది పడదో వాళ్లే రాసుకోవచ్చు, మేము చదివి ఎవరికీ చెప్పం. అందులో ఇప్పటికి అయిదు పేర్లున్నాయి. ముగ్గురు ఇన్నేళ్లూ మాకు చెప్పకుండా ఓర్చుకుని ఆడినవాళ్లే.

మొదట చెప్పిన ఆ చెల్లెలు ఈసారి వస్తానంది. మేనత్త ఫోన్ చేసి పిలిచిందట, ఏమని పిలిచిందో చెప్పలేదు. దాది హాంస్లీ ఒక్క రాత్రికి ఇమ్మని అడిగాం. ‘నేను సచ్చినంక తీస్కపోన్రి’ అంది, మళ్లీ తనే ‘ఆట అయినంక నా చేతికే ఇయ్యాలె, మీ పెట్టెల పెట్టొద్దు’ అంది.

వచ్చే ఆదివారం సంఘం ఆఫీసులో పెట్టెలు రెండూ తెరుస్తున్నాం. ఇంకా ఆరు హాంస్లీలకు దారం చుట్టాలి, పదిహేను టోప్లీలకు గుడ్డ కుట్టాలి. పొద్దున పదింటికి రండి. ఇంట్లో నాణేల దండ ఉంటే తెచ్చుకోండి, రుద్ది చూద్దాం. దారం మేము తెస్తాం. సూదులు మీరే తెచ్చుకోండి.

రామ్ రామ్.